ఎడమచేతికి చెప్పాల్సిన మాట

గొడవ మొదలైంది ఒక మూత దగ్గర.

అరచేతిలో ఇమిడిపోయే చిన్న స్టీలు గిన్నె మూత అది. అత్తగారు కాపురానికి తెచ్చుకున్న సామానులో చివరికి మిగిలింది ఆ గిన్నే, ఆ మూతే. మూత అంచున ఒక నొక్కు ఉంది. అది ఎప్పుడు పడిందో, ఎవరి చేతిలోంచి జారితే పడిందో అత్తగారు ఇప్పటికీ పూసగుచ్చినట్టు చెప్పగలరు. ఆ మూత ఆ పొద్దున కనిపించలేదు.

పెద్ద కోడలు గిన్నెల అర మొత్తం కిందికి దించేసింది. గిన్నె ఉంది, మూత లేదు.

"కాళ్ళొచ్చి నడిచిపోయిందా?" అన్నారు అత్తగారు కుర్చీలోంచే. "అయినా పొద్దున్నే ఆ బుల్లి గిన్నెతో నీకేం పని?"

రాత్రి కూర కాస్త మిగిలితే తీసి పెడదామని అంది పెద్ద కోడలు. కూర మిగల్లేదు. రాత్రి కూర గిన్నె కడిగింది అత్తగారే కాబట్టి ఆవిడకీ తెలుసు. ఏ కళనున్నారో ఆవిడ రెట్టించలేదు.

చిన్న కోడలు పనికి బయల్దేరుతూ చెప్పులు వెతుక్కుంటోంది. ఆమె భుజాన భోజనం సంచి ఉంది. పెద్ద కోడలు ఎవరి పేరూ ఎత్తకుండా, ఈ ఇంట్లో తీసిన వస్తువు తీసిన చోట పెట్టే అలవాటు కొందరికి లేదని గాలితో చెప్పినట్టు చెప్పింది.

"ఆ కొందరు నేనేనా అక్కా? బుల్లి మూత పట్టుకెళ్ళి కుట్టుమిషన్ దగ్గర ఏం చేసుకుంటాను, చొక్కాకి గుండీ బదులు కుట్టనా?"

"నిన్నెవరన్నారు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటావెందుకు?"

చిన్న కోడలు నిజంగానే భుజం తడుముకుంది. భుజం మీదున్న సంచిని వెనక్కి తోసుకుని, ఆలస్యమైపోతోందంటూ విసవిసా వెళ్ళిపోయింది. మరిది చాటుగా నవ్వాడు. పెద్దకొడుకు పేపరు మడిచి, మూతలేని గిన్నె మీద పళ్ళెం పెడితే ప్రపంచం మునిగిపోదని తీర్పు చెప్పి తన దారిన తాను పోయాడు.

అందరూ వెళ్ళాక పెద్ద కోడలు అదే చేసింది. రొట్టె ముక్కలు గోరువెచ్చని పాలలో నానబెట్టి, గిన్నె మీద చిన్న పళ్ళెం బోర్లించి, చీర కొంగు కప్పుకుని పెరటి తలుపులోంచి సందులోకి జారుకుంది. అత్తగారు స్నానానికి వెళ్ళే వేళ చూసుకుని వెళ్ళడం, ఆవిడ జుట్టు ఆరబెట్టుకునేలోగా తిరిగి రావడం ఆమెకు అలవాటైపోయింది. దొంగలు కూడా అంత జాగ్రత్తపడరేమో.

దొంగచాటు ఎందుకంటే, వాళ్ళ సంఘం తీరే అంత. మునుపటి పాస్టరుగారు ఒక ఆదివారం, కుడిచేయి చేసే మేలు ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు మాట మీద జనం కళ్ళు తుడుచుకునేలా ప్రసంగించారు. ఆయన బదిలీ మీద వెళ్ళిపోయారు గానీ ఆ మాట మాత్రం వేళ్ళూనుకుంది. అప్పట్నుంచి వాళ్ళలో మంచిపని అంటే చాటుగా చేసేదే. ఎవరైనా ఫలానా మేలు నేను చేశానని నోరు జారితే, పాపం అతనికి రావలసిన బహుమానం ఇక్కడే ముట్టేసిందని పక్కవాళ్ళు జాలిపడేవారు. ఒకసారి ఇద్దరు ఆడవాళ్ళు తెల్లవారకుండానే మందిరం కడగడానికి వచ్చి, ఒకరిని చూసి ఒకరు దొంగనుకుని కేకలు పెట్టారు కూడా. ఆ కథ చెప్పుకుని అందరూ నవ్వుకున్నారే తప్ప, అందులో ఆలోచించాల్సింది ఉందని ఎవరికీ తోచలేదు.

సందు చివర మూడో ఇంటి వెనక గదిలో గడియారం టీచరు ఉంటుంది. ఒకప్పుడు ఆ వీధి పిల్లలందరికీ లెక్కలు చెప్పిన మనిషి. నిమిషం ఆలస్యమైతే గుమ్మంలో నిలబడి చేతి గడియారం చూపించేది. ఆ పేరు అలా స్థిరపడింది. ఇప్పుడు కాళ్ళు స్వాధీనంలో లేవు. మనుషుల్ని గుర్తుపడుతుంది, పాత లెక్కలు గుర్తున్నాయి, ఇందాక ఏం జరిగిందో మాత్రం గుర్తుండదు. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. దూరాన ఉన్న మేనకోడలు మందులు పంపిస్తుంది. ముందు వాటాలో ఉండే తాళాలాయన, అంటే బజారు మూల తోపుడుబండి మీద తాళంచెవులు చేసే ఆయన, రాత్రిళ్ళు ఒక కన్ను వేసి ఉంచుతాడు.

పెద్ద కోడలు రోజూ చేసేది పెద్ద పనేం కాదు. టీచరును దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, నాలుగు ముద్దలు తినిపించి, తిన్నాక చక్కెర జబ్బు బిళ్ళ ఒకటి వేసి, పక్క సర్ది వస్తుంది. రోజుకి ఒకటే బిళ్ళ, అదీ తిండి కడుపులో పడ్డాకే. టీచరు మర్చిపోయి తనే మళ్ళీ వేసుకుంటుందేమోనన్న భయంతో ఆ డబ్బాను బీరువా నెత్తిన పెట్టింది. అంత ముందుచూపు ఉన్న మనిషే.

అయితే ఈమధ్య ఆమెను ఒక సంగతి ముల్లులా గుచ్చుతోంది. తాను దువ్వని జుట్టు దువ్వి ఉంటోంది. తాను ఉతకని తెర ఉతికి ఉంటోంది. ఇంకెవరో వస్తున్నారు. ఎవరని టీచరును అడిగితే, "ఎవరొస్తారమ్మా నాకోసం? నువ్వూ రావుగా," అనేది నింపాదిగా, నోట్లో ముద్ద ఉండగానే. సంఘంలో అడుగుదామంటే, అడగడమంటే తాను వెళ్తున్నట్టు చెప్పుకోవడమే. ఒక కాగితం మీద 'పొద్దున బిళ్ళ వేసేశాను' అని రాసి బీరువాకి అంటిద్దామని కూడా అనుకుంది. కానీ బైబిలు బడి పిల్లల కోసం ఆమె రాసిన అట్టలు మందిరం గోడల నిండా ఉన్నాయి. ఆ గుండ్రటి అక్షరాలు ఎవరివో సంఘంలో చంటిపిల్లలకు కూడా తెలుసు. కాగితం రాయలేదు.

ఆ రోజు కూడా ముద్ద తినిపించి, బిళ్ళ వేసి, అత్తగారి జుట్టు ఆరకముందే ఇంట్లో పడింది.

మధ్యాహ్నం భోజనాల గిన్నెలు కడుగుతుంటే సందులోంచి తాళాలాయన గొంతు వినిపించింది. మామూలుగా ఆయన పిల్లితో మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడతాడు. ఇప్పుడు వీధి అదిరేలా అరుస్తున్నాడు. పెద్ద కోడలు తడి చేతులతోనే పరిగెత్తింది.

టీచరు మంచం మీద పక్కకు ఒరిగిపోయి ఉంది. ఒళ్ళంతా చెమట, జాకెట్టు నీళ్ళలో ముంచి తీసినట్టుంది. పిలిస్తే పలకడం లేదు, కళ్ళు సగం తెరుచుకున్నాయి గానీ చూపు లేదు. భోజనానికి వచ్చి చూసేసరికి ఇలా ఉందని తాళాలాయన చెప్తూనే బయటికెళ్ళి బండి మీది తాళాల అట్టలూ, చెవులు కోసే యంత్రమూ నేల మీదికి దింపేశాడు. ఇద్దరూ కలిసి టీచరును ఎత్తి దుప్పటితో సహా బండి మీద పడుకోబెట్టారు. తలుపు దగ్గరికి వెయ్యడానికి వెనక్కి వచ్చినప్పుడు పెద్ద కోడలు మంచం పక్క బల్ల మీద ఏదో తీసి చేతిలో పెట్టుకుంది. ఏం తీసిందో ఆమె చూసుకోలేదు. ఇల్లాలి చెయ్యి, ఎక్కడున్నా ఇంటి వస్తువు మీదికే పోతుంది.

క్లినిక్ వీధి మొదట్లోనే ఉంది. డాక్టరు వేలి చివర సూది గుచ్చి రక్తం చూశాడు, చూస్తూనే నర్సుకు గ్లూకోజు పెట్టమన్నాడు. బండి మీద టీచరును చూసినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి వరండాలో చేరారు. పాస్టరుగారి భార్య వచ్చింది, సంఘంలో ఆడవాళ్ళు ఇంకొందరు వచ్చారు. డాక్టరు బయటికి వచ్చి చక్కెర బాగా పడిపోయిందని చెప్పాడు. ఏ బిళ్ళ వాడుతుందో తాళాలాయన చెప్పాడట. ఆ బిళ్ళ తేలికైంది కాదు, గ్లూకోజుతో చక్కెర పైకి లేచినా అది మళ్ళీ మళ్ళీ లాగేస్తుంది.

"ఈవిడకి మందు ఎవరిస్తారు?" అన్నాడు.

అందరూ నేల చూశారు. మందిరంలో ఎవరైనా మెచ్చుకున్నప్పుడు తలలు ఎలా వంచుతారో అలాగే వంచారు.

పాస్టరుగారి భార్య మర్యాదగా, కాస్త గర్వంగా కూడా, మా సంఘంలో ఎవరేం చేస్తారో ఎవరూ చెప్పుకోరండీ అంది.

"బాగానే ఉంది. ఇప్పుడు చెప్పుకోండి," అన్నాడు డాక్టరు.

ఆ క్షణంలో పెద్ద కోడలికి ముందు వచ్చిన ఆలోచన టీచరు గురించి కాదు. ఇన్నాళ్ళ గుట్టు ఇంతమంది ముందు బయటపడిపోతుందే అన్నది ఆ ఆలోచన. లోపల మనిషి ప్రాణం ఊగుతోంటే తాను దాచుకున్న మూట విప్పాలా వద్దా అని చూసుకుంటోంది.

"నేనే. పొద్దున ఒకటి వేశాను. తిన్నాకే వేశాను."

"ఒకటేనా? సరిగ్గా చెప్పండి."

"ఒకటే."

వెనకనుంచి ఎవరో మెల్లగా స్తోత్రం అన్నారు. పాస్టరుగారి భార్య ఆమె భుజం మీద చెయ్యి వేసి, నువ్వేనా తల్లీ ఇన్నాళ్ళూ, అంది. ఆ చెయ్యి నిప్పులా తగిలింది.

డాక్టరు నుదురు రుద్దుకున్నాడు. తిన్నాక వేసిన ఒక్క బిళ్ళకి ఇంతలా పడిపోకూడదన్నాడు. లోపల ఉన్న ఇంకో రోగిని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళే అంబులెన్సు బయట సిద్ధంగా ఉంది. ఒకటే అయితే టీచరును ఇక్కడే చూసుకోవచ్చు, ఈ వయసులో ఊరికే కుదుపుల్లో తిప్పడం మంచిది కాదు. రెండోది పడి ఉంటే మాత్రం ఇక్కడ ఉంచడం ప్రమాదం, దాంట్లోనే ఇప్పుడే పంపాలి. "తనే తీసుకుని వేసుకుని ఉంటుందా?"

"డబ్బా బీరువా మీద ఉంది. ఆవిడకి అందదు," అని చెయ్యెత్తి ఎత్తు చూపించబోయి, ఆమె ఆగిపోయింది. ఎత్తిన చేతిలో మూత ఉంది. అంచున నొక్కుతో సహా.

పొద్దున తాను పళ్ళెం బోర్లించి తీసుకెళ్ళింది. ఈ మూత ఇందాక టీచరు బల్ల మీద మంచినీళ్ళ గ్లాసుకు కప్పి ఉంది. ఆ నొక్కు ఉన్న మూత ప్రపంచం మొత్తం మీద ఒక్క ఇంట్లోనే ఉంది. ఆ ఇంట్లోంచి పొద్దున బయటికి వెళ్ళిన సంచి ఆమెకు గుర్తొచ్చింది, దాన్ని వెనక్కి తోసుకున్న భుజం గుర్తొచ్చింది.

అంబులెన్సును కాసేపు ఆపమని డాక్టరును అడిగింది. ఇంకొకరున్నారు, కనుక్కుని వస్తానంది. ఆపగలిగినంతసేపే ఆపుతానన్నాడాయన.

చిన్న కోడలు పనిచేసే కుట్టు యూనిట్ పక్క వీధిలోనే. పనివేళల్లో ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో పెట్టి తాళం వేస్తారు కాబట్టి వెళ్ళక తప్పదు. పెద్ద కోడలు పెళ్ళైన తర్వాత వీధిలో పరిగెత్తడం అదే మొదటిసారి. గేటు దగ్గర కాపలా మనిషి ఆపబోతే, ఆమె ముఖం చూసి తప్పుకున్నాడు.

లోపల మిషన్ల హోరు. వరసలు వరసలుగా వంగిన తలలు, గాలిలో దారపు నూగు. సూపర్‌వైజరు ఎదురొచ్చి మధ్యలో లేవనివ్వం అంటోంది. పెద్ద కోడలు ఆమెను దాటుకుని వెళ్ళి, కాలర్లు కుడుతున్న తోడికోడలి ముందు నిలబడింది. చేతిలో ఉన్న మూత చూపించింది.

చిన్న కోడలు మిషను ఆపింది. ముఖం ఎర్రబడింది.

"ఆ మూత కోసం ఇక్కడిదాకా వచ్చావా అక్కా? అందరిముందూ పరువు తియ్యడానికి?"

"టీచరుకి ఇవాళ బిళ్ళ వేశావా?"

"నన్ను కనిపెట్టుకుని తిరుగుతున్నావన్నమాట. నేనెక్కడికెళ్తే నీకేంటి? అది నాకూ ప్రభువుకీ..."

"వేశావా లేదా చెప్పు, అమ్మాయ్. టీచరు క్లినిక్‌లో ఉంది. పొద్దున నేనొకటి వేశాను."

పక్క మిషన్లు కూడా ఒకటీ అరా ఆగాయి. చిన్న కోడలి చేతిలోంచి కాలరు జారిపోయింది. ముఖంలో ఎరుపు ఎటుపోయిందో, పాలిపోయింది.

"నువ్వా? రోజూ నువ్వేనా వెళ్తున్నది?" అని మాత్రం అనగలిగింది. తర్వాత మాటలు తడబడుతూ వచ్చాయి. భోజనం విరామంలో వెళ్ళి జుట్టు దువ్వి నీళ్ళు పెట్టి వస్తోంది. మందు జోలికి ఎప్పుడూ పోలేదు. ఇవాళ టీచరు ఏడ్చింది, పొద్దున్నుంచీ ఎవరూ మందివ్వలేదు, చచ్చిపోతానని. మనసాగక స్టూలెక్కి డబ్బా దించి వేసింది. తినమంటే ఒక్క ముద్ద కూడా తినలేదు.

"ఎన్ని?"

"ఒకటే అక్కా. ఒకటే."

ఇద్దరూ కలిసే పరిగెత్తారు. సూపర్‌వైజరు ఏదో అంటూనే ఉంది, అది మిషన్ల చప్పుడులో కలిసిపోయింది.

అంబులెన్సు తలుపులు వేస్తుండగా అందుకున్నారు. రెండు అని పెద్ద కోడలు కేక వేసింది. రెండోది ఎప్పుడు పడిందో, కడుపులో ఏముందో చిన్న కోడలు డాక్టరుకు చెప్పింది, ఈసారి తడబడలేదు. టీచరును స్ట్రెచరు మీద ఎక్కించారు. పట్టుకోవడానికి మనిషి కావాలంటే చిన్న కోడలు, ఎవరినీ అడక్కుండా, దారం పోగులు అంటుకున్న చీరతోనే ఎక్కి కూర్చుంది.

అంబులెన్సు వెళ్ళాక వరండాలో ఆడవాళ్ళు పెద్ద కోడలి చుట్టూ చేరారు. ఒకే ఇంట్లో ఇద్దరు, ఒకరికి తెలియకుండా ఒకరు, ఎంత గొప్ప మనసులు అని ఒకామె కళ్ళొత్తుకుంది. పెద్ద కోడలు ఆమె ముఖంలోకి చూసి, జరిగింది సరిగ్గా వినలేదా అని అడిగింది. గట్టిగా అనలేదు గానీ ఆ ఆడవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు. తాళాలాయన ఖాళీ బండి తిప్పుకుంటూ, తన అట్టలు వీధిలో అలాగే ఉన్నాయని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

సాయంత్రం దాకా ఇంట్లో ఎవరికీ కుదురు లేదు. మరిది ఆసుపత్రికి వెళ్ళాడు. పెద్ద కోడలు అన్నం వండింది, కూరలో ఉప్పు రెండుసార్లు వేసిందేమోనని రెండుసార్లు రుచి చూసింది. అత్తగారు కుర్చీలో కూర్చుని ప్రార్థన చేసుకుంటూ మధ్యలో కళ్ళు తెరిచి గేటు వైపు చూశారు.

చీకటి పడుతుండగా చిన్న కోడలూ మరిదీ వచ్చారు. దారిలో టీచరుకు మళ్ళీ పడిపోయిందట. అంబులెన్సులో అన్నీ సిద్ధంగా ఉండబట్టి ప్రాణం నిలబెట్టారు. రేపంతా అక్కడే ఉంచాలన్నారు. టీచరు కళ్ళు తెరిచి నర్సును, బడికి ఇంత ఆలస్యంగానా రావడం, అని అడిగిందట. అత్తగారికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అందరూ భోజనానికి కూర్చున్నారు. పెద్దకొడుకు ప్రార్థన చేశాడు. ఆయన సంఘంలో పెద్ద. ఈ గండం నుంచి కాపాడినందుకు వందనాలు చెప్పి, ఆమెన్ తర్వాత కూడా ఆగకుండా, ఈ సంగతి ఇంతటితో వదిలేద్దామన్నాడు. దేవుడు గట్టెక్కించాడు. మన ఇంటి ఆడవాళ్ళ చేతుల్లో మనిషి పోయేదన్న మాట మన నోట పైకి రాకుండా ఉంటే మంచిది. మంచికి చేసిందే కదా. ఇకముందు మీరిద్దరూ ఒకరికొకరు చెప్పుకుంటే సరిపోతుంది.

చిన్న కోడలు పళ్ళెంలో అన్నం కెలుకుతోంది. "స్టూలెక్కింది నేనే కదా బావగారూ. అక్కదేం తప్పు లేదు," అంది.

"ఉంది," అంది పెద్ద కోడలు. అందరూ ఆమెకేసి చూశారు. ఇంకెవరో వస్తున్నారని తనకు ముందే తెలుసని చెప్పింది. దువ్విన జుట్టు చూసిందనీ, చూసి సంతోషించలేదనీ చెప్పింది. తన వాటాలోకి ఎవరో వచ్చినట్టు అనిపించిందట. బీరువాకి కాగితం అంటిద్దామని అనుకుని, అక్షరాలు గుర్తుపడతారని మానేసిందట. "ఆ కాగితం ఉంటే ఇది స్టూలెక్కేది కాదు. నేను దాచింది నా మేలు కాదండీ, నా గొప్ప. టీచరు ఎలా ఉంటుందో అని కాదు, నేను ఎవరికీ తెలియకుండా చేస్తున్నానే అని రోజూ మురిసిపోయాను."

మరిది మంచినీళ్ళు తాగాడు.

"మూత ఏది?" అన్నారు అత్తగారు ఉన్నట్టుండి.

పెద్ద కోడలు తెచ్చి ముందు పెట్టింది. ఆవిడ నొక్కు మీద వేలు పెట్టి చూసి, "దొంగలిద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు. కూర మిగిలిందట! నేను వెర్రిదాన్ననుకున్నారా?" అని, ఆ మూతను చిన్న కోడలి పళ్ళెం పక్కకు జరిపారు. చిన్న కోడలు తల ఎత్తకుండానే దాన్ని ఇవతలికి తోసింది. అది పెద్ద కోడలి చెయ్యికి తగిలి ఆగింది.

పెద్దకొడుకు గొంతు సవరించుకున్నాడు. అయితే ఏం చేద్దామంటావు, అని అడిగాడు. మన చేత్తో చేసింది మన నోటితో మందిరంలో చెప్పుకుంటే జనం నవ్వరా? డప్పు కొట్టుకుంటున్నారనరా?

"అననీ," అంది పెద్ద కోడలు. చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేసింది. "ఆదివారం ఆరాధన అయ్యాక నేను నిలబడతాను. పొద్దున టీచరు దగ్గరికి వెళ్ళేది నేను, మధ్యాహ్నం వెళ్ళేది ఇది అని మా పేర్లతో చెప్తాను. ఇవాళ మేమేం చేశామో కూడా చెప్తాను. బిళ్ళ వేసేది నేనొక్కదాన్నే, ఇంకెవ్వరూ వెయ్యొద్దని చెప్తాను. అదే మాట పెద్ద అక్షరాలతో రాసి బీరువాకి అంటిస్తాను."